ఆఫీస్ స్విచ్ ఎంపిక: డేటాషీట్ టిక్కులు చెప్పని సంగతులు

ఆఫీసు నెట్‌వర్క్ స్విచ్ కోసం మూడు కంపెనీలిచ్చిన కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి, అన్నిటిలోనూ అవే టిక్కులు కనిపిస్తాయి. క్యూఓఎస్ (ముఖ్యమైన ట్రాఫిక్‌ని ముందు పంపడం) ఉంది, రేట్ లిమిట్ (వేగానికి పరిమితి) ఉంది, జీరో టచ్ (ప్లగ్ పెడితే తనే సెటప్ కావడం) ఉంది, క్లౌడ్ ఉంది. ధర దగ్గరికి వస్తే మాత్రం రెట్లలో తేడా. "అన్నీ ఒకే పని చేస్తుంటే తక్కువది తీసుకోవచ్చు కదా?" అని మేనేజ్‌మెంట్ అడుగుతుంది. చాలాసార్లు తీసుకోవచ్చు కూడా. అయితే దానికి ముందు రెండు సంగతులు తేలాలి. మీ నెట్‌వర్క్‌లో రద్దీ ఏ పోర్టు దగ్గర వస్తోంది? రేపటి నుంచి ఆ స్విచ్‌ని చూసుకునేది ఎవరు? నా లెక్కలో రెండో ప్రశ్నే పెద్దది. కాకపోతే మొదటిది తేలకుండా కొంటే డబ్బు వృథా, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

రద్దీ ఎక్కడ?

"నెట్ స్లోగా ఉంది" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి స్విచ్‌తో సంబంధం ఉండదు. 200 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ మీద హాస్టల్ మొత్తం రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి ఫోన్లు పట్టుకుంటే, ఎంత ఖరీదైన స్విచ్ పెట్టినా ఆ లైన్ పెరగదు. ఆ పంపకం ఫైర్‌వాల్ చేయాలి, లేదంటే రూటర్ చేయాలి. ఏ యూజర్, ఏ యాప్ అని గుర్తుపట్టేది అక్కడే. యూజర్లు తగిలే మామూలు యాక్సెస్ స్విచ్‌కి కనిపించేది పోర్టు, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్), మ్యాక్ అడ్రస్, ఐపీ, ప్యాకెట్ మీద వేసిన మార్కింగ్, అంతవరకే. యూట్యూబ్‌నీ ఆన్‌లైన్ క్లాసునీ విడదీసే తెలివి ఖరీదైన మోడళ్లలో కొన్నిటికి ఉంటుంది కానీ, దాని కోసం స్విచ్ బడ్జెట్ పెంచమని నేను ఎవరికీ చెప్పను.

స్విచ్ వంతు వచ్చేది అప్‌లింక్ దగ్గర, అంటే అది కోర్‌కి (ఆఫీసు ప్రధాన స్విచ్‌కి) కలిసే దారి దగ్గర. 48 గిగాబిట్ పోర్టుల స్విచ్‌ని కోర్‌కి ఒక్క గిగాబిట్ కేబుల్‌తో కలిపితే 48కి 1 నిష్పత్తి. అదే స్విచ్‌కి రెండు 10 జీ (10 గిగాబిట్) ఫైబర్ లింకుల్ని, లింకులు జతచేసే ఎల్ఏసీపీ పద్ధతితో ఒకటిగా కడితే అది 2.4కి 1 అవుతుంది. నాకు తెలిసి ఇంతకంటే చవకైన బ్యాండ్‌విడ్త్ మేనేజ్‌మెంట్ ఇంకోటి లేదు. క్యూఓఎస్ పాలసీలు రాసుకుంటూ కూర్చునే బదులు 10 జీ ఫైబర్‌ని స్విచ్‌కి తగిలించే ఎస్ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూళ్లు రెండు కొనండి. ఎల్ఏసీపీ కట్టినా ఒక పీసీకీ ఒక సర్వర్‌కీ మధ్య నడిచే ఒక్క ఫ్లో ఒకే లింకు మీద వెళ్తుంది, అంటే ఒక్క ఫైలు కాపీకి 20 జీ రాదు. కొత్తగా కట్టినవాళ్లకి ఈ సందేహం తప్పకుండా వస్తుంది.

కెమెరాల లెక్క కూడా వేసుకోండి. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ పంపేలా పెట్టిన 64 కెమెరాలంటే 256 ఎంబీపీఎస్. గిగాబిట్ అప్‌లింక్‌కి ఇది పెద్ద బరువు కాదు. మరి వీడియో ఎందుకు తెగుతోంది? ఒకసారి ఆ అప్‌లింక్ ఏ స్పీడ్‌లో లేచిందో చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. క్రింపింగ్‌లో ఒక్క తీగ సరిగా పట్టకపోతే చాలా పరికరాలు ఎర్రర్ ఇవ్వకుండా 100కి దిగిపోయి పనిచేస్తూనే ఉంటాయి. లైటు వెలుగుతుంది, పింగ్ వస్తుంది, 256 మాత్రం 100లో పట్టదు. ఇలాంటి చోట స్విచ్ మార్చడం కాదు, జాక్ మార్చాలి.

గ్రాఫుల విషయంలో జాగ్రత్త. ఐదు నిమిషాల సగటు చూపించే గ్రాఫులో అప్‌లింక్ 30 శాతం దగ్గర ప్రశాంతంగా కనిపిస్తుంది, అదే సమయంలో ప్యాకెట్లు పోతుంటాయి. రద్దీ సెకనులో వెయ్యోవంతులో వచ్చి పోతుంది కాబట్టి సగటులో అది కనబడదు. చూడాల్సింది ఆ పోర్టు మీద అవుట్‌పుట్ డ్రాప్స్ కౌంటర్. కొనబోయే స్విచ్ ఈ కౌంటర్‌ని పోర్టువారీగా, వీలైతే క్యూవారీగా చూపిస్తుందో లేదో అడగండి. చవక మోడళ్లకీ ఖరీదైనవాటికీ అసలు తేడా మొదలయ్యేది ఇక్కడే.

రేట్ లిమిట్, క్యూలు, బఫర్

క్యూఓఎస్ దారిని వెడల్పు చేయదు. సంక్రాంతికి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర అంబులెన్స్‌కి ఒక లైన్ వదిలినట్టు, రద్దీ ఉన్నప్పుడు ఎవరిని ముందు పంపాలో మాత్రమే చెబుతుంది. రద్దీ లేని లింకు మీద ఎన్ని పాలసీలు రాసినా తేడా కనిపించదు.

ఐపీ ఫోన్లున్న ఆఫీసులో దాని విలువ తెలుస్తుంది. ప్యాకెట్ ఎంత ముఖ్యమో చెప్పే గుర్తులు (మార్కింగ్) రెండు రకాలు. 802.1పిలో 3 బిట్లు, అంటే 8 స్థాయిలు. డీఎస్‌సీపీలో 6 బిట్లు, 64 విలువలు. వాయిస్‌కి వాడే ఈఎఫ్ అనే డీఎస్‌సీపీ గుర్తు విలువ 46. దాదాపు ప్రతి మేనేజ్డ్ స్విచ్ దీన్ని చదివి వాయిస్‌ని ముందు క్యూలో వేస్తుంది, స్విచ్, ఫోన్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఎల్ఎల్‌డీపీ-మెడ్ ద్వారా ఫోన్‌కి వాయిస్ వీల్యాన్ కూడా అదే చెబుతుంది. ఇంతవరకు హెచ్‌పీఈ ఇన్‌స్టంట్ ఆన్ అయినా, టీపీ-లింక్ ఒమాడా అయినా, సిస్కో క్యాటలిస్ట్ అయినా ఒకటే. తేడా మార్కింగ్‌ని నమ్మడంలో ఉంది. పోర్టులోకి వచ్చిన ప్రతి మార్కింగ్‌నీ నమ్మితే తన టొరెంట్‌కి 46 వేసుకున్నవాడు కూడా ముందు క్యూలోకే వస్తాడు. ఫోన్ పోర్టులో నమ్మి, మిగతా పోర్టుల్లో మార్కింగ్‌ని సున్నా చేసే వీలుందా అన్నది డెమోలోనే తేల్చుకోండి.

రేట్ లిమిట్ అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. పోలీసింగ్ అయితే పరిమితి దాటిన ప్యాకెట్‌ని అక్కడే పడేస్తుంది. షేపింగ్ అయితే బఫర్‌లో (ప్యాకెట్లు కాసేపు ఆగే మెమరీలో) ఆపి నెమ్మదిగా వదులుతుంది. చాలా యాప్‌లు వాడే టీసీపీ పద్ధతి, ప్యాకెట్ల నష్టం చూడగానే వెనక్కి తగ్గుతుంది కాబట్టి, బర్స్ట్ సైజు (ఒక్కసారిగా వదిలే మోతాదు) చిన్నదిగా పెట్టి 10 ఎంబీపీఎస్‌కి పోలీసింగ్ చేస్తే యూజర్‌కి పూర్తి 10 అందదు, అంతకంటే బాగా తక్కువే వస్తుంది. చాలా స్విచ్‌లలో లోపలికి వచ్చే ట్రాఫిక్‌కి పోలీసింగ్, బయటికి వెళ్లేదానికి షేపింగ్ ఉంటాయి. రెండు దిశలకీ లిమిట్ ఉందా, అది ఎన్ని కేబీపీఎస్ మెట్లలో పెట్టొచ్చు, బర్స్ట్ మార్చే వీలుందా? ఈ మూడింటికీ వెండార్ జవాబు చెప్పలేకపోతే అతని ఇంజనీర్‌ని ఫోన్‌లోకి తీసుకోమనండి.

మైక్రోటిక్ బ్రాండ్ విషయంలో ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర కేబుల్ నెట్ ఆపరేటర్ల నుంచి హాస్టళ్ల దాకా దీన్ని ఇష్టంగా వాడతారు. దాని సీఆర్ఎస్ స్విచ్‌లో రూటర్ ఓఎస్ (వాళ్ల రూటర్ల సాఫ్ట్‌వేర్) ఉంది కదా అని అందులో సింపుల్ క్యూలు (యూజర్‌వారీ వేగ పరిమితులు) రాస్తే ఆ ట్రాఫిక్ స్విచ్ చిప్‌ని వదిలి సీపీయూ మీద పడుతుంది. ఆ సీపీయూ చిన్నది, దాంతో గిగాబిట్ స్విచ్ నత్తలా నడుస్తుంది. సీఆర్ఎస్3 శ్రేణిలో పోర్టు రేట్ లిమిట్ హార్డ్‌వేర్‌లోనే ఉంది, అది వాడుకోండి. క్యూలు కావాలంటే పక్కన రూటర్ ఉండాలి.

బఫర్ గురించి డేటాషీట్లు పెద్దగా మాట్లాడవు, కొన్ని అసలు రాయవు. లెక్క వేయడం మాత్రం తేలికే. 1.5 ఎంబీ బఫర్ అంటే 12 మెగాబిట్లు. సర్వర్ వైపు నుంచి 10 జీలో వచ్చి, యూజర్ వైపు 1 జీలో దిగాల్సిన చోట సెకనుకి 9 గిగాబిట్లు మిగులుతాయి. అంటే ఒక మిల్లీసెకను దాటీదాటగానే బఫర్ నిండిపోతుంది. సర్వర్లూ స్టోరేజీ 10 జీలో ఉండి, యూజర్లు 1 జీలో ఉన్న ఆఫీసులో బఫర్ ఎక్కువున్న మోడల్‌కి పెట్టే డబ్బు తిరిగొస్తుంది. అందరూ వైఫై మీద బ్రౌజింగ్ చేసే ఆఫీసులో రాదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వెతికి రీఫర్బిష్డ్ క్యాటలిస్ట్ 2960 కొనేవాళ్లకి: అందులో క్యూఓఎస్ ఆన్ చేసే ఎంఎల్ఎస్ క్యూఓఎస్ కమాండ్ కొట్టగానే బఫర్ నాలుగు క్యూలుగా విడిపోతుంది. మామూలు ట్రాఫిక్ అంతా ఒక క్యూలోనే ఉంటుంది కాబట్టి దానికి దక్కేది ఒక వాటా. నిన్నటిదాకా లేని డ్రాప్స్ ఇవాళ మొదలవుతాయి. క్యూ-సెట్‌లో బఫర్ వాటాలు, థ్రెషోల్డ్‌లు సరిచేయగలిగితేనే దాన్ని ఆన్ చేయండి.

స్టార్మ్ కంట్రోల్ (ఉప్పెనలా వచ్చే ప్యాకెట్లని ఆపడం), లూప్ డిటెక్షన్, ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్ ట్రాఫిక్‌ని అడిగిన పోర్టులకే పంపడం) ఈ మూడూ తప్పనిసరి. ఎవరో ఒకే ప్యాచ్ కార్డ్ రెండు చివరలూ గోడ జాకుల్లో పెట్టేస్తారు, బ్లాక్ మొత్తం ఆగిపోతుంది. క్యూఓఎస్ ఏదీ దాన్ని ఆపలేదు.

ఇక డేటాషీట్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే స్విచింగ్ కెపాసిటీని చూసి మురిసిపోవద్దు. 24 గిగాబిట్ పోర్టులు, 4 ఎస్ఎఫ్‌పీ ప్లస్ ఉంటే 24కి 40 కలిపి రెండుతో గుణిస్తే 128 జీబీపీఎస్. 48 పోర్టులదైతే 176. అంత ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ రాసినా వాడుకోవడానికి పోర్టులుండవు.

పెట్టె విప్పిన దగ్గర్నుంచి

సెటప్ చేసే దారులు మూడు. కన్సోల్ కేబుల్ పెట్టి కమాండ్లు కొట్టడం మొదటిది. రెండోది పాతకాలపు జీరో టచ్: స్విచ్ లేవగానే డీహెచ్‌సీపీని (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వీసుని) అడుగుతుంది, 66, 67 లాంటి ఆప్షన్లలో సర్వర్ పేరు, ఫైల్ పేరు అందుకుని కాన్ఫిగ్ దించుకుంటుంది. మూడోది క్లౌడ్ లేదా కంట్రోలర్ (స్విచ్‌లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్): ఆఫీసులో కూర్చుని సీరియల్ నంబర్ ఎక్కిస్తే, బ్రాంచిలో ఎవరో ప్లగ్ పెడితే చాలు, స్విచ్ తనే వచ్చి తగులుకుంటుంది.

మూడోది నిజంగానే బాగుంటుంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న బ్రాంచికి ఇంజనీర్‌ని పంపితే ఒక రోజు ప్రయాణానికే పోతుంది. అక్కడ అకౌంటెంట్ కేబుల్ పెట్టి ఫోన్‌లో "పచ్చ లైటు వచ్చింది సార్" అంటే పని అయిపోవాలి. అవుతుందా అన్నది బ్రాంచి లైను మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ స్టాటిక్ ఐపీ ఇచ్చి, డీహెచ్‌సీపీ లేకపోతే స్విచ్ క్లౌడ్‌ని చేరలేదు. మేనేజ్‌మెంట్ వీల్యాన్ ట్యాగ్ అయి (ప్యాకెట్ మీద వీల్యాన్ నంబర్ వేసి) వస్తుంటే కొత్త స్విచ్‌కి అది కనబడదు, మొదటిసారి అన్‌ట్యాగ్డ్‌గా ఇవ్వాలి. బయటికి వెళ్లే పోర్టుల్ని ఫైర్‌వాల్ బిగించేసి ఉన్నా అంతే. ఒక్కసారి తగులుకోగానే ఫర్మ్‌వేర్ దించుకుని రీబూట్ అయ్యే మోడళ్లున్నాయి. అకౌంటెంట్ అది చూసి టెన్షన్ పడి ప్లగ్ పీకేయకుండా ముందే చెప్పి ఉంచాలి.

కంట్రోలర్ హెడ్డాఫీసులో, స్విచ్ బ్రాంచిలో ఉంటే ఇంకో మెట్టు ఉంది. కంట్రోలర్ ఎక్కడుందో స్విచ్‌కి చెప్పాలి. యుబిక్విటీ వాళ్ల యూనిఫైకి డీహెచ్‌సీపీ ఆప్షన్ 43, ఒమాడాకి 138. బ్రాంచి రూటర్ ఈ ఆప్షన్లు ఇవ్వగలదా? చవక రూటర్లలో చాలావాటికి ఆ వీలు ఉండదు.

తేలికగా సెటప్ కావడానికి పెట్టిన ఫీచరే దొంగకి తలుపు తీసిన ఉదాహరణ కూడా ఉంది. సిస్కో స్మార్ట్ ఇన్‌స్టాల్ అందుకే పుట్టింది, పాస్‌వర్డ్ అడగకుండానే 4786 పోర్టు మీద కాన్ఫిగ్ తీసుకునేది. 2018 మార్చిలో అందులో సీవీఈ-2018-0171 అనే భద్రతా లోపం బయటపడింది. ఏప్రిల్‌లో ఈ స్మార్ట్ ఇన్‌స్టాల్ తలుపు గుండానే ఇరాన్, రష్యాల్లో స్విచ్‌ల కాన్ఫిగ్‌లు చెరిపేశారు. పాత సిస్కో స్విచ్‌లు మీ దగ్గర ఉంటే స్మార్ట్ ఇన్‌స్టాల్‌ని ఆపే నో వీస్టాక్ కమాండ్ కొట్టారో లేదో ఇవాళే చూడండి. 2019లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 8572 సెక్యూర్ జీరో టచ్‌కి ప్రమాణం పెట్టింది. టెండర్ రాసేవాళ్లు జీరో టచ్ కావాలి అని వదిలేయకుండా, స్విచ్ దించుకునే కాన్ఫిగ్‌కి సంతకం తనిఖీ జరగాలి అని కూడా రాయొచ్చు.

దూరం నుంచి పనిచేసేవాళ్లకి సెటప్ కంటే ముఖ్యమైనది వెనక్కి తీసుకునే వీలు. ట్రంక్ (చాలా వీల్యాన్లు మోసే లింకు) మీద ఒక వీల్యాన్ తప్పుగా తీసేస్తే బ్రాంచి చేతిలోంచి పోతుంది. జూనిపర్‌లో కమిట్ కన్ఫర్మ్‌డ్ అంటే, పది నిమిషాల్లో మీరు మళ్లీ ఒప్పుకోకపోతే పాత కాన్ఫిగ్ దానంతటదే వచ్చేస్తుంది. ఈ ఒక్క ఫీచర్ కోసం జూనిపర్ కొన్నవాళ్లంటే నాకు గౌరవం. సిస్కోలో రీలోడ్ ఇన్ 10 (పది నిమిషాల్లో రీబూట్ అయి, సేవ్ చేయని మార్పులు పోతాయి) అని కొట్టి పని మొదలుపెట్టడం పాతవాళ్లకి అలవాటే. కంట్రోలర్ స్విచ్‌లలో ఈ రక్షణ ఏ రూపంలో ఉందో అడగండి, కొన్నిటిలో అసలు ఉండదు.

ఇప్పుడు బ్రాండ్లు

క్లౌడ్ నుంచి నడిచే మెరాకి 2012 నుంచి సిస్కోది. డ్యాష్‌బోర్డ్ విషయంలో దానికి సాటి తక్కువ. టెంప్లేట్ ఒకటి చేసుకుంటే ఎన్ని బ్రాంచిలకైనా అదే. ఖర్చు లైసెన్స్‌లో ఉంది. కో-టర్మ్ పద్ధతిలో (అన్ని లైసెన్స్‌లకీ ఒకే గడువు తేదీ) గడువు దాటినా ఇంకో 30 రోజులు నడుస్తుంది, ఆ తర్వాత నెట్‌వర్కే ఆగిపోతుంది. రెన్యూవల్ ఫైలు పర్చేజ్ కమిటీలో నెలల తరబడి తిరిగే సంస్థలు, ముఖ్యంగా ప్రభుత్వ కాలేజీలు, దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

క్యాటలిస్ట్ 9200లో మొదటి ఆర్డర్‌తో డీఎన్ఏ అనే సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ కూడా కొనాలి. దాని గడువు పోయినా నెట్‌వర్క్ ఎసెన్షియల్స్ అనే ప్రాథమిక లైసెన్స్ శాశ్వతం కాబట్టి స్విచింగ్ సాగుతుంది. క్యూఓఎస్‌లో లోతు, క్యూవారీ కౌంటర్లు, రీబూట్ అవుతున్నా పీఓఈ కరెంటు (నెట్ కేబుల్‌లోనే ఫోన్లకీ కెమెరాలకీ వెళ్లేది) ఆగకుండా ఉండటం, ఇవన్నీ దీనికి ప్లస్. కమాండ్ లైన్ తెలిసిన మనిషి లేకపోతే వీటిలో సగం వాడరు.

అరుబా సీఎక్స్ 6100 నాకు మధ్యస్థంగా నచ్చే ఎంపిక. ఫీచర్లకి విడిగా లైసెన్స్ లేదు, కమాండ్ లైన్ ఉంది, సెంట్రల్ క్లౌడ్ కావాలంటేనే సబ్‌స్క్రిప్షన్. స్టాకింగ్ (కొన్ని స్విచ్‌లని కలిపి ఒకటిగా నడపడం) లేదు, అది కావాలంటే 6200కి వెళ్లాలి. హెచ్‌పీఈ 2025 జులైలో జూనిపర్‌ని కూడా కొనేసింది. ఇప్పుడు ఒకే ఇంట్లో అరుబా సెంట్రల్, జూనిపర్ మిస్ట్ రెండు క్లౌడ్‌లున్నాయి. ఐదేళ్ల లైసెన్స్ ఇప్పుడే కట్టేవాళ్లు ఏ క్లౌడ్ మీద ఉండబోతున్నారో రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.

ఇన్‌స్టంట్ ఆన్, యూనిఫై, ఒమాడాల్లో స్విచ్ నడవడానికి ఏటా కట్టేదేమీ లేదు. ఇన్‌స్టంట్ ఆన్ ఫోన్ యాప్‌లోనే సెట్ అవుతుంది, కమాండ్ లైన్ ఆశించకండి. యూనిఫై చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ కంట్రోలర్ లేకుండా దాన్ని మార్చడం కష్టం, కంట్రోలర్ బ్యాకప్ పోగొట్టుకుంటే తల పట్టుకోవాలి. ఒమాడా స్విచ్‌లు చాలావరకు విడిగా కూడా వెబ్‌లో, కమాండ్ లైన్‌లో నడుస్తాయి. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ మన సర్వర్‌లో పెట్టుకుంటే ఉచితం. అదే వాళ్ల క్లౌడ్‌లో పూర్తి ఫీచర్లతో కావాలంటే లైసెన్స్. కొటేషన్‌లో వీటిలో ఏది రాశారో చూడండి.

ఎవరికి ఏది

చిన్న బ్రాంచిలు చాలా ఉండి, ఐటీలో ఇద్దరు ముగ్గురే ఉంటే కంట్రోలర్ లేదా క్లౌడ్ స్విచ్ తప్ప వేరే ఆలోచన వద్దు. ఫోన్లు, బిల్లింగ్, కెమెరాలకి వాటి క్యూఓఎస్ సరిపోతుంది. డబ్బు టైముకి కట్టే సంస్థ అయితే మెరాకి, లేకపోతే ఒమాడా లేదా ఇన్‌స్టంట్ ఆన్.

ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో మొత్తం ఒకే శ్రేణి కొనాల్సిన పని లేదు. కోర్‌లోనూ, ఈఏపీసెట్ లాంటి ఆన్‌లైన్ పరీక్షలు నడిచే ల్యాబుల్లోనూ సీఎక్స్ 6200 లేదా క్యాటలిస్ట్ స్థాయి పెట్టండి. పరీక్ష నడుస్తుండగా లూప్ వచ్చి ల్యాబ్ పడిపోతే సర్దిచెప్పుకోలేరు. హాస్టల్‌కి చవక కంట్రోలర్ స్విచ్‌లు చాలు, పోర్టుకో రేట్ లిమిట్ పెట్టి అసలు పంపకం ఫైర్‌వాల్‌కి వదిలేయండి.

ఆసుపత్రి వేరు. ఒక సీటీ స్టడీ వందల ఎంబీలు ఉంటుంది, రేడియాలజీ నుంచి స్కాన్ చిత్రాలు దాచే పాక్స్ సర్వర్‌కి అది పోతున్నప్పుడే వార్డులో ఫోన్ మోగుతుంటుంది. అక్కడ బఫర్, స్టాకింగ్, రెండు పవర్ సప్లైలు, పాడైతే మర్నాటికి మార్చి ఇచ్చే సపోర్ట్ కావాలి. క్లౌడ్ సౌకర్యం దాని తర్వాతే.

ఎవరైనా సరే, డెమో యూనిట్ తెప్పించి ఒక పూట కేటాయించండి. రెండు ల్యాప్‌టాప్‌ల నుంచి ఐపర్ఫ్3 అనే వేగ పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో ఒకే గిగాబిట్ పోర్టులోకి గట్టిగా తోయండి, మూడో ల్యాప్‌టాప్ నుంచి 46 మార్కింగ్‌తో చిన్న ఫ్లో పంపి నష్టం ఎంతో చూడండి. ఒక ప్యాచ్ కార్డ్‌తో కావాలనే లూప్ పెట్టి, మిగతా పోర్టులు బతికాయా లేదా చూడండి. ఇంటర్నెట్ కేబుల్ తీసేసి స్విచ్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయండి: ఐపీ ఫోన్‌లో డయల్ టోన్ ఎన్ని నిమిషాలకి వచ్చింది, వీల్యాన్లు అన్నీ అలాగే ఉన్నాయా? చివరగా ఆ కొటేషన్ మీదే నాలుగో సంవత్సరం లైసెన్స్ ధర రాసి సంతకం పెట్టమని అడగండి. మొదటి మూడేళ్లకి డిస్కౌంట్ ఇచ్చేవాళ్లు అక్కడే తడబడతారు.